ప్రతి ‘బై’కీ ‘ద్వారా’ తగిలించకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో ఒక చిన్న వార్త చదివాను. ఏదో ఫ్యాక్టరీలో ఉత్పత్తి ‘20 శాతానికి పడిపోయింది’ అని హెడ్డింగ్. అంటే వందలో ఎనభై పోయి ఇరవై మిగిలిందన్నమాట. అయ్యో పాపం అనుకుంటూ కింద అంకెలు చూశాను. నిరుడు 500 యూనిట్లు, ఈ ఏడు 400. పోయింది ఇరవై శాతమే, మిగిలింది ఎనభై. ఇంగ్లిష్ కాపీలో ‘బై 20 పర్సెంట్’ అని ఉండి ఉంటుంది. డెస్కులో ఎవరో దాన్ని ‘టు’ లాగా చదివి, చివర ‘కి’ తగిలించేశారు.

వారిని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. అదే తప్పు నేనూ చేశాను, అదీ మందు విషయంలో. ముప్పై ఏళ్ళుగా ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తున్నాను. మందుల కరపత్రాలు, మెషిన్ల మాన్యువల్స్, ఎవరూ చదవని షరతులు, నిబంధనలు, ఇలాంటివే నా పని. ఒకసారి ఒక సిరప్ కాగితం వచ్చింది. రోజుకు 15 మిల్లీలీటర్లు, మూడో రోజు నుంచి డోసు ‘బై 5’ తగ్గించాలని ఉంది. నేను ‘5 మిల్లీలీటర్లకు తగ్గించాలి’ అని రాసి పంపేశాను. పది తాగాల్సిన మనిషి నా పుణ్యమా అని ఐదే తాగుతాడు. ప్రూఫ్ చూసే ఆయన ఫోన్ చేసి, “మేడమ్, ఇక్కడ ఈ ‘కు’ ఉండాలా?” అని అడిగారు. “ఉంటే ఏమైందండీ?” అన్నాను కాస్త విసుగ్గానే. ఫోన్ పెట్టేశాక మూలం తీసి చూసుకుంటే చేతులు చల్లబడిపోయాయి. వెంటనే నేనే ఫోన్ చేసి, ఆ ‘కు’ తీసేయమని బతిమాలుకున్నాను. అప్పటి నుంచి కాగితం మీద ‘బై’ కనిపిస్తే చాలు, ముందు పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఆ తర్వాతే మిగతా వాక్యం చదువుతాను.

నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. మీ పత్రికలో ఈ మధ్య ‘ద్వారా’ మరీ ఎక్కువైంది. ‘మంత్రి ద్వారా ప్రారంభించబడిన భవనం’, ‘పోలీసుల ద్వారా అరెస్టు చేయబడిన నిందితుడు’. లేఖ ద్వారా తెలిపారు, మధ్యవర్తి ద్వారా అడిగించారు అంటే సరే. ఒకరు అనుకున్న పని ఇంకొకరి గుండా, ఇంకొక దాని గుండా జరుగుతోంది. కానీ ‘మంత్రి ద్వారా ప్రారంభించబడింది’ అని చదివితే, వెనకాల ఇంకెవరో ఉండి మంత్రిగారిని పంపి రిబ్బన్ కత్తిరింపించినట్టు ఉంటుంది. ‘మంత్రి ప్రారంభించిన భవనం’ అంటే అయిపోయే దానికి అంత తిప్పట ఎందుకు? బడిలో ‘చేతన్, చేన్, తోడన్, తోన్’ అని వల్లె వేసిన వాళ్ళమే కదా అందరం. ఆ ‘చేత’ అయినా చాలాసార్లు అక్కర్లేదు. చేసిన వాడిని కర్తగా ముందు కూర్చోబెడితే వాక్యం తనంతట తానే నడుస్తుంది.

ఆ మాటకొస్తే, చేసిన వాడిని చూపించడం ‘బై’కి కూడా పుట్టుకతో వచ్చిన పని కాదు. దాని పాత అర్థం ‘దగ్గర’, ‘పక్కన’. ఏటి పక్కన, కిటికీ పక్కన అనడానికి ఇప్పటికీ అదే వాడతారు. ఒకప్పుడు చేసిన వాడి ముందు ‘ఆఫ్’ కూడా బాగానే నడిచేది. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్‌లో ఏసును సాతాను శోధించిన చోట ‘టెంప్టెడ్ ఆఫ్ ద డెవిల్’ అని ఉంటుంది. ఇప్పుడైతే ‘బై’ అనే రాస్తారు. పక్కన నిలబడ్డ వాడు కాస్తా చేసిన వాడై కూర్చున్నాడు!

పక్కన నిలబడటం అంటే గుర్తొచ్చింది. ‘స్టుడ్ బై హిజ్ ఫ్రెండ్’ అంటే స్నేహితుడికి అండగా నిలిచాడని. అదే వాక్యంలోంచి స్నేహితుణ్ణి తీసేసి ఉత్త ‘స్టుడ్ బై’ అంటే, చాలాసార్లు ఏమీ చేయకుండా చూస్తూ ఊరుకున్నాడని. నిఘంటువులో మొదటి అర్థం చూసి రాసేస్తే మంచివాడు చెడ్డవాడైపోతాడు.

మా మనవరాలికి ఇంకో చిక్కు వచ్చింది. లెక్కల పీరియడ్‌లో ‘ఆరు బై మూడు’ అంటే రెండు. బడిలో నోటీసు బోర్డు కొలత కూడా ‘ఆరు బై మూడు’ అడుగులే, దాని వైశాల్యం మాత్రం పద్దెనిమిది. “ఒకే మాటకి ఒకసారి భాగిస్తారు, ఒకసారి హెచ్చిస్తారు, ఎలా అమ్మమ్మా?” అంది. నా దగ్గర మంచి జవాబు లేదు. ఇంగ్లిష్ వాళ్ళు ‘మల్టిప్లై బై’, ‘డివైడ్ బై’ అని రెంటికీ దాన్నే వాడుకుంటారని చెప్పాను. “అయితే వాళ్ళకీ కన్‌ఫ్యూజనేనా?” అని తృప్తిగా వెళ్ళిపోయింది.

గడువుల సంగతి కూడా చెప్పాలి. ‘బై ఫ్రైడే’ని మీరు ‘శుక్రవారం లోపు’ అని వేస్తారు. గురువారంతో సరి అనుకునే వాళ్ళు కొందరు, శుక్రవారం రాత్రి దాకా టైముంది అనుకునే వాళ్ళు కొందరు. ఇంగ్లిష్‌లో మామూలుగా శుక్రవారం కూడా లెక్కలోకి వస్తుంది. ‘శుక్రవారం సాయంత్రం ఐదింటికల్లా’ అని వేస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు. కల్లా, సరికి, నాటికి, ఈపాటికి అని మనకు ఒక్కో సందర్భానికి ఒక్కో మాట ఉంది. ‘బై నౌ’ని ‘ఈపాటికి’ అన్నంత అందంగా ఇంకెలా చెబుతాం? ఇక ‘బై హార్ట్’ ఉండనే ఉంది. వాళ్ళకు గుండెలో ఉండే పాఠం మనకు గొంతులో ఉంటుంది, కంఠస్థం.

కాబట్టి మీ డెస్కు వారికి నా మనవి ఒక్కటే. ‘బై’ కనిపించినప్పుడు ‘ద్వారా’ రాసే ముందు ఒక్క క్షణం ఆగి, అది చోటా, గడువా, కొలతా, తేడానా, చేసిన మనిషా అని చూసుకోమనండి. పెన్సిల్ సున్నా బాగా పనిచేస్తుంది. ఆ ఫ్యాక్టరీ వార్తకు సవరణ వేస్తారనుకుంటాను. వేసేటప్పుడు ‘మా ద్వారా జరిగిన పొరపాటు’ అని మాత్రం వేయకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక అనువాదకురాలు