ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక తల్లి బహిరంగ లేఖ

మంత్రి గారూ, నమస్కారం.

మా అబ్బాయికి 16 ఏళ్లు. రెండేళ్లుగా డిప్రెషన్, దాంతోపాటు పట్టలేని కోపం. డాక్టరు చూసేది నెలకు అరగంట, మిగతా టైమంతా వాడు ఉండేది మాతోనే, కానీ అప్పుడు మేం ఏం చేయాలో నేర్పినవాళ్లు ఒక్కరూ లేరు. తలుపేసుకుంటే పిలవాలా, వదిలేయాలా? చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగొచ్చని, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అన్నాళ్లూ భయపడి మాట మార్చేదాన్ని.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 10 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక సమస్య ఉంది. మాలాంటి ఇళ్లు ఎన్నో ఉన్నాయి, బయటికి చెప్పుకోరు అంతే.

మేం పెద్ద బిల్డింగులు అడగడం లేదు. దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో వారానికో సాయంత్రం తల్లిదండ్రులు కూర్చుని మాట్లాడుకునే చోటు, శిక్షణ ఉన్న ఒక కౌన్సెలర్, ఈ కష్టం పడి వచ్చిన ఒక తల్లో తండ్రో, అర్ధరాత్రి పరిస్థితి చేయి దాటితే ఫోనెత్తే మనిషి. వాడి చెల్లెలి గురించి కూడా ఆలోచించండి. గొడవైన ప్రతిసారీ ఆ పిల్ల గోడకి ఆనుకుని నిలబడిపోతుంది, ఎలా ఉన్నావమ్మా అని అడిగేవాళ్లే లేరు.

వచ్చే బడ్జెట్‌లో దీనికి విడిగా డబ్బు కేటాయిస్తారా? జవాబు అందరికీ కనబడేలా ఇవ్వండి.

ఇట్లు,
ఒక తల్లి