దడ వచ్చినప్పుడే ఈసీజీ తీయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో గుండె దడ మీద వచ్చిన వ్యాసం చదివాను. టెన్షన్ తగ్గించుకోండి, కాఫీ మానండి, ప్రాణాయామం చేయండి, రాత్రిళ్ళు తొందరగా పడుకోండి అని రాశారు. మంచి మాటలే, కాదనను. కానీ పదకొండేళ్ళు నేను ఇవే మాటలు విన్నాను, కాఫీ కూడా మానేశాను, దడ మాత్రం నన్ను మానలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే ఏమనుకోకండి.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. మొదటిసారి దడ వచ్చినప్పుడు నాకు 31 ఏళ్ళు. కింద పడ్డ కత్తెర తీద్దామని వంగి లేచానంతే, కుట్టుమిషను మోటారు ఒక్కసారిగా చివరిదాకా తొక్కినట్టు గుండె పరుగందుకుంది. మెడ దగ్గర కప్ప గొంతు కొట్టుకున్నట్టు టపటపా కొట్టుకుంటుంటే ఎదురుగా కూర్చున్న పక్కింటావిడకి కూడా కనపడింది. ఇరవై నిమిషాలు అలా ఉండి, ఎంత ఠక్కున వచ్చిందో అంత ఠక్కున ఆగిపోయింది. ఆ తర్వాత గంటలో నాలుగుసార్లు బాత్రూముకి వెళ్ళాను. ఈ చివరిది చెప్తే అందరూ నవ్వేవాళ్ళు, నేనూ చెప్పడం మానేశాను. ఏళ్ళ తర్వాత తెలిసింది, మెడలో ఆ కొట్టుకోవడం, దడ ఆగాక ఎక్కువగా మూత్రానికి వెళ్ళాల్సి రావడం, రెండూ ఈ జబ్బు గురించి డాక్టర్లు అడిగి తెలుసుకోవాల్సిన ఆనవాళ్ళేనట. నన్నెవరూ అడగలేదు.

ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు గ్యాస్ అన్నారు. మా అత్తగారు దిష్టి తీశారు. పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్తే ఈసీజీ బాగుంది, ఎకో అనే గుండె స్కానూ బాగుంది, ‘మీకేం లేదమ్మా, ఆలోచనలు తగ్గించుకోండి’ అని మాత్రలు రాశారు. ఆ మాత్రలకి మిషను ముందే కునుకు పట్టేది, ఒకసారి పెళ్ళికూతురు జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టాను. అబద్ధం ఎవరూ చెప్పలేదు, నిజంగానే ఈసీజీ బాగుంది, ఎందుకంటే ఆటో దొరికి నేను ఆసుపత్రికి చేరేసరికి దడ ఆగిపోయేది. కరెంటు వచ్చేశాక లైన్‌మన్ వచ్చి ‘అంతా బానే ఉందిగా’ అన్నట్టుంటుంది ఆ ఈసీజీ. కానీ ఆ కాగితం చూపించి నాకు మనసు జబ్బని తేల్చేస్తే ఎట్లా?

పదకొండో ఏట ఒకరోజు దడ గంటన్నరైనా ఆగలేదు. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకి మా పెద్దమ్మాయి వయసుంటుందేమో. ఏ మందూ ఇవ్వకముందే ఈసీజీ తీయించింది. గుండె నిమిషానికి 188 సార్లు కొట్టుకుంటోంది. ఖాళీ సిరంజి చేతికిచ్చి పిస్టన్ కదిలేలా 15 సెకన్లు ఊదమని, ఊదగానే వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్ళూ పైకెత్తి పట్టుకుంది. నాకు పని చేయలేదు గానీ, దీని మీద ఇంగ్లండులో చేసిన పరిశోధన 2015లో వచ్చింది, నూటికి 43 మందికి దడ అక్కడికక్కడే ఆగిందట, కాళ్ళెత్తకుండా ఊరికే ఊదిన వాళ్ళలో 17 మందికే ఆగిందట. తర్వాత అడినోసిన్ ఇంజక్షన్ ఇచ్చారు. ‘రెండు మూడు సెకన్లు ప్రాణం పోయినట్టుంటుంది, భయపడొద్దు’ అని ముందే చెప్పింది ఆ తల్లి, చెప్పకపోతే నిజంగానే పోయాననుకునేదాన్ని. బావిలోకి జారిపోతున్నట్టు అయింది, అంతలోనే గుండె మామూలుగా కొట్టుకోవడం మొదలైంది.

వెళ్ళేటప్పుడు ఈసీజీ కాగితం చేతిలో పెట్టి ‘ఇది పారేసుకోవద్దు, లామినేషన్ అసలు చేయించొద్దు, ఆ వేడికి నల్లబడిపోతుంది, జిరాక్స్ తీయించుకో’ అంది. పదకొండేళ్ళలో నాకు దొరికిన అత్యంత పనికొచ్చే సలహా ఇదే.

ఆ కాగితం చూసి హైదరాబాదులో డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పేశారు. ఈయన మామూలు గుండె డాక్టరు కాదు, గుండె కరెంటు చూసే డాక్టరు, ఈపీ డాక్టరంటారు. మందుల చీటీ వెనకే బొమ్మ గీశారు. గుండెలో పై గదుల నుంచి కింది గదులకి కరెంటు ఒక జంక్షన్ మీదుగా దిగుతుందట, కొందరికి ఆ జంక్షన్ దగ్గర రెండు దార్లుంటాయట, ఒకటి జోరుది ఒకటి నిదానంది. ఒక్కో వేళ కరెంటు ఒక దారిన దిగి రెండో దారిన పైకెక్కి గానుగెద్దులా అక్కడే తిరుగుతుంది, అదే నా దడ. మందులతో అణిచి పెట్టొచ్చు, లేదంటే ఆ నిదానపు దారిని కాల్చేయొచ్చు. అదే అబ్లేషన్. దీన్ని ఆడవాళ్ళలోనే ఎక్కువగా చూస్తామని కూడా అన్నారు. టెన్షన్ అని తోసేసేది కూడా ఎక్కువగా ఆడవాళ్ళనే కదా, అనుకున్నాను, పైకి అనలేదు.

కాల్చడమంటే నాకు మొదట కాళ్ళు వణికాయి. మత్తు పూర్తిగా ఇవ్వలేదు, గజ్జ దగ్గర మొద్దుబారడానికి సూది వేసి అక్కడి సిర గుండా నాలుగు తీగలు గుండె దాకా పంపారు. ముందు వాళ్ళే కరెంటు ఇచ్చి కావాలని దడ తెప్పించారు. ‘ఇదేనామ్మా మీకు వచ్చేది?’ అని అడిగితే ‘అదేనండీ, అదే’ అని దాదాపు అరిచాను. పదకొండేళ్ళ తర్వాత ఒకరు దాన్ని నాతోపాటు చూశారు, ఏడుపొచ్చింది. తర్వాత తీగ కొసన వేడి పెట్టి కాల్చారు, ఛాతీలో కాస్త మంట, అంతే. మళ్ళీ దడ తెప్పించాలని చూశారు, రాలేదు, ఇంకాసేపు ఆగి చూశారు, అయినా రాలేదు. ఆరు గంటలు కాలు కదపకుండా పడుకోవాలి, నిజం చెప్పాలంటే నాకు కష్టమనిపించింది అదొక్కటే. మర్నాడు ఇంటికి వచ్చేశాను, ఇప్పటికి రెండేళ్ళయింది.

ప్రమాదమే లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కాల్చే చోటు అసలు జంక్షన్ పక్కనే ఉంటుంది, అదీ దెబ్బతింటే గుండెని కొట్టించే చిన్న యంత్రం, పేస్‌మేకర్, పెట్టాల్సొస్తుంది. నూటికి ఒకరి కన్నా తక్కువమందికే అలా అవుతుందని చెప్పి సంతకం తీసుకున్నారు. నయమయ్యేది నూటికి 95 మందికి పైనే అన్నారు, కొద్దిమందికి మళ్ళీ రావచ్చన్నారు. ఖర్చు సంగతి కూడా ముందే తేల్చుకోండి. గుండె లోపలి కరెంటు దార్లని తెర మీద బొమ్మగా చూపించే త్రీడీ మ్యాపింగ్ అని ఒక యంత్రం ఉంది, దానితో బిల్లు బాగా పెరుగుతుంది, నాలాంటి దడకి అది లేకుండా కూడా చేస్తారు, మీకు అవసరమా కాదా అని అడగండి. 1968లో అమెరికాలో ఇలాంటి అడ్డదారి ఉన్న ఒక జాలరికి ఛాతీ కోసి ఆ దారిని తెంపారట, మా అబ్బాయి ఎక్కడో చదివి చెప్పాడు. నాకు గజ్జ దగ్గర ఆవగింజంత మచ్చ కూడా మిగల్లేదు. అయినా ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న, ‘ఎన్ని స్టంట్లు వేశారు?’ రక్తనాళాలు పూడుకుపోవడం వేరు, కరెంటు తేడా వేరు అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఒకావిడకి మూడని చెప్పేశాను.

ఇక మీ వ్యాసం కిందే వచ్చిన ప్రకటన సంగతి. ‘ఏ దడ అయినా అబ్లేషన్‌తో శాశ్వత పరిష్కారం’ అని ఉంది. పైన వ్యాసమేమో ప్రాణాయామం చేయమంటుంది, కింద ప్రకటనేమో అందరినీ కాల్చేస్తానంటుంది! మా బావగారికి 66 ఏళ్ళు, ఆయనది ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే పై గదులు లయ తప్పి వణుకుతుంటాయి. ఊపిరితిత్తుల నుంచి గుండెకి వచ్చే సిరల మొదట్లోనే చాలామందికి ఇది పుడుతుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో డాక్టర్లు చూపించాక ఆ సిరల చుట్టూ కాల్చే పద్ధతి వచ్చింది. కానీ అది నాదంత తేలిక కాదు, మళ్ళీ రావడం ఎక్కువ, కొందరికి రెండోసారి చేయాల్సొస్తుంది. పైగా ఆ జబ్బుతో పక్షవాతం భయం ఉంటుంది కాబట్టి, దడ తగ్గింది కదా అని రక్తం పలచబడే మందు సొంతంగా ఆపేయకూడదు. చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరంతో గుండెలోని వాల్వు సన్నబడిన వాళ్ళయితే ముందు ఆ వాల్వు సంగతి చూడాలి. ఆ ప్రకటన కత్తిరించి జేబులో పెట్టుకు తిరుగుతున్నారు మా బావగారు, ఆయనకి ఇదంతా చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మీరు దడ గురించి మళ్ళీ రాస్తే దయచేసి ఈ తేడా రాయండి. మెల్లగా పెరిగి మెల్లగా తగ్గేది టెన్షన్ వల్ల కావచ్చు, స్విచ్ వేసినట్టు వచ్చి స్విచ్ తీసినట్టు పోయేదాన్ని మాత్రం టెన్షన్ అని వదిలేయొద్దని. దానితో కళ్ళు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా అసలు ఆగొద్దని. దడ ఉండగానే ఎక్కడ ఈసీజీ మిషను దొరికితే అక్కడ తీయించుకోమని రాయండి.

నా ఈసీజీ జిరాక్సు రేషన్ కార్డు కవర్లో భద్రంగా ఉంది. వ్యాసంతో పాటు వేయడానికి బొమ్మ కావాలంటే చెప్పండి, పేరు కొట్టేసి పంపిస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు
తణుకు