ఒక కాగితం రాసి పెట్టుకో తల్లీ

చిరంజీవి సుజాతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మైపాడు గుంటల్లో రొయ్యపిల్ల వేశాం, ఈసారి నీళ్ళు బాగున్నాయి. గేదె ఈనింది. దూడకు పేరు నువ్వే పెట్టాలని అమ్మ పట్టు. ఆదివారం అడుగుదామని ఫోను చేశాం, నువ్వు ఎత్తలేదు. అంతకుముందు ఆదివారం కూడా ఎత్తలేదు. పనిలో ఉండి ఉంటావులే.

గూడూరు అత్త వచ్చి వెళ్ళింది. వాళ్ళ హరి నిన్ను అమీర్‌పేటలో చూశాడట. బాగా చిక్కిపోయావట, పిలిస్తే కాసేపటికి గానీ పలకలేదట. ఆఫీసుకు సెలవు పెట్టావని కూడా ఏదో అంది. అత్త సంగతి తెలిసిందే, గోరంతను కొండంత చేస్తుంది. నేను పట్టించుకోలేదు. మొలకొలుకుల బియ్యం, కందిపొడి, నిమ్మకాయ పచ్చడి బస్సు పార్సిల్లో వేశాను. పొద్దున తినకుండా బయటికి వెళ్ళకు.

పెంచలయ్య బాబాయి గురించి నీకు సగమే తెలుసు. రొయ్యలకు తెల్లమచ్చ రోగం వచ్చి గుంటలన్నీ ఖాళీ అయిన ఏడాది నువ్వు హాస్టల్లో ఉన్నావు. అప్పు సంగతి ఊరంతా మాట్లాడుకుంది, మనిషి సంగతి ఎవరికీ పట్టలేదు. ముందు గడ్డం గీసుకోవడం మానేశాడు. తరువాత టీ అంగడి దగ్గర పేపరు చదవడం మానేశాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి ఖాళీ గుంట గట్టు మీద కూర్చునేవాడు. పిన్ని అడిగితే ఏమీ లేదనేవాడు. చివరికి పిన్నీ నేనూ కలిసి నెల్లూరులో మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళాం. ఆయన మాత్రలు రాసి, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందనీ, బాగుందనిపించగానే సొంతంగా ఆపవద్దనీ చెప్పారు. బాబాయి కాస్త తేరుకున్నాక ఒక తెల్లకాగితం చేతికిచ్చి, మళ్ళీ ఇలా అయ్యే ముందు నీలో మొదట ఏం మారుతుందో రాయమన్నారు. గడ్డం, పేపరు, మూడింటి మెలకువ అని రాశాడు బాబాయి. దాని కింద, ఏం చేస్తే మనసు కుదుటపడుతుందో రాశాడు. పొద్దున్నే సైకిలు మీద ఇందుకూరుపేట దాకా వెళ్ళి రావడం, పిల్లలకు లెక్కలు చెప్పడం. ఆ రోజుల్లో చేయకూడనివి పిన్ని రాయించింది. భూమి అమ్మే మాట ఎత్తకూడదు, అప్పులవాళ్ళతో ఒంటరిగా మాట్లాడకూడదు, మద్యం ముట్టకూడదు. షెడ్డులోని పురుగుమందుల తాళంచెవి పిన్ని దగ్గరే ఉండాలని వైద్యుడు గట్టిగా చెప్పారు. ఆ ఒక్క మాటకు ఆయనకు జన్మంతా రుణపడి ఉంటాను. చివర నా ఫోను నంబరు. బీరువా తలుపు లోపల అతికించి ఉన్న కాగితం అదే.

2021 నవంబరులో పెన్నా పొంగి గట్లు కొట్టుకుపోయినప్పుడు బాబాయికి మళ్ళీ గడ్డం పెరిగింది. పిన్ని ఆగలేదు. బీరువా తెరిచి చూపించి, నాకు ఫోను చేసింది. ఆ సాయంత్రానికే వైద్యుడి ముందు కూర్చున్నాం. ఈసారి మనిషి పూర్తిగా పడిపోలేదు. సంక్రాంతికి మామూలయ్యాడు.

రొయ్యలు నీటి మీదికి తేలేదాకా చూస్తూ ఉంటే పంట పోయినట్టే. ఎంత తిన్నాయో చూడటానికి నీళ్ళలో దించే చెక్ ట్రేలో మేత మిగిలిన పూటే కనిపెట్టాలి, అందుకే పూటపూటా పుస్తకంలో రాస్తాం. నీ విషయంలో ఆ మిగిలిన మేత ఏమిటో నీకే తెలియాలి. నేను చూసినంతలో, దిగులుగా ఉంటే నువ్వు తల దువ్వుకోవు, అన్నం బదులు బిస్కెట్లు తింటావు, ఫోను ఎత్తవు.

సలహాలు రాయవద్దని అమ్మ అంది. రాయకుండా ఎలా ఉండను? బాబాయి కాగితం బాబాయిది, నీది నువ్వే రాసుకోవాలి. మనసు బాగున్న పూట కూర్చుని రాయి, బాగాలేనప్పుడు ఏదీ తోచదు. ‘సంతోషంగా ఉండాలి’ లాంటివి రాయకు, అవి ఎవరికీ పనికిరావు. ఎన్నింటికి పడుకుంటావో, ఏ దారిన నడుస్తావో, ఎవరికి ఫోను చేస్తావో రాయి. ఏడు గంటల నిద్ర తగ్గకూడదు. సాయంత్రం కాఫీ మానేయి, కెఫీన్ ఒంట్లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అలసట పోకపోతే థైరాయిడ్, బి12 పరీక్షలు చేయించు, వాటి లోపం కూడా మనిషిని దిగులుగా చేస్తుంది. నీ ఎదుటి గదిలోని కావలి ఊరి అమ్మాయికి ఆ కాగితం చూపించు, పక్కన ఒక మనిషికైనా తెలిసి ఉండాలి.

మాకు చెప్పలేని మాటలుంటే 14416కు ఫోను చేయి. టెలీ మానస్ అని, మనసు బాగాలేనివాళ్ళకు సాయం చేసే ఫోను లైను, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. వైద్యుడి దగ్గరకు వెళ్ళాల్సి వస్తే ఖర్చు గురించి ఆలోచించకు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఒంటి జబ్బుతో సమానంగా మనసు జబ్బుకూ బీమా ఇవ్వాలి. మీ ఆఫీసు బీమా కాగితాలు ఒకసారి చదువు. అది కుదరకపోతే నేనున్నాను. పెళ్ళి సంబంధాల వాళ్ళకు తెలుస్తుందేమోనన్న భయం అసలే వద్దు. ఆ మాట ఎత్తినవాళ్ళతో నేను మాట్లాడుకుంటాను.

సెలవు పెట్టింది నిజమే అయితే మంచిదే. ఇక్కడికి వచ్చి ఉండు, ఎవరూ ఏమీ అడగరు. అత్తకు అమ్మ చెప్పి ఉంచింది.

శనివారం రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్టు తీసుకుంటున్నాను. అమ్మ చేపల పులుసు చేసి ఇస్తానంటోంది, ఆదివారం పొద్దునకు నీ దగ్గర ఉంటాను. రావద్దనుకుంటే ఫోను చేసి నీ నోటితో చెప్పు. మెసేజి పెడితే లెక్కలోకి తీసుకోను.

నాన్న