లేబుల్ మీద ‘పరిశోధనకు మాత్రమే’, గుచ్చుకునేది మన కుర్రాళ్లు

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కోనసీమలో మందుల షాపు నడుపుకుంటున్న ఫార్మసిస్టుని. గాయాలు త్వరగా మానతాయని అమ్ముతున్న బీపీసీ-157 అనే పెప్టైడ్ (అమైనో ఆమ్లాల చిన్న గొలుసు) గురించి రాస్తున్నాను.

ఈమధ్య షుగర్ లేని కుర్రాళ్లు ఇన్సులిన్ సిరంజిలు అడుగుతున్నారు. ఎందుకురా అంటే ఒకడు జేబులోంచి సీసా తీశాడు. బొటనవేలంత ఉంది, అడుగున తెల్లటి పొడి. ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని ఇంగ్లీషులో లేబుల్. తయారుచేసిన వాళ్ల పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ నంబరూ లేదు. కొరియర్‌లో వచ్చిందట. ‘ఆయ్, సంక్రాంతి కబడ్డీకి భుజం సెట్ అయిపోవాలండి’ అన్నాడు.

అసలు విషయం కొట్టిపారేసేది కాదు. మనిషి జఠరరసంలోని ఒక ప్రోటీన్‌లో భాగంగా చెప్పే 15 అమైనో ఆమ్లాల గొలుసును ల్యాబుల్లో కృత్రిమంగా తయారుచేస్తారు. క్రొయేషియాలోని జాగ్రెబ్‌లో సికిరిచ్ అనే శాస్త్రవేత్త బృందం 1990ల నుంచి దీన్ని ఎక్కువగా ఎలుకల మీద పరీక్షిస్తోంది. మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) కోసిన ఎలుకల్లో అది త్వరగా అతుక్కుందని రాశారు. 2011లో తైవాన్ పరిశోధకులు ఎలుక టెండన్ కణాలను విడిగా పెంచి చూశారు. కణాల సంఖ్య నేరుగా పెరగలేదు గానీ కదలిక పెరిగింది. ఆసక్తికరమైన పనే! కాకపోతే ఎక్కువ ఫలితాలు ఒకే బృందం నుంచి వచ్చాయి, మనుషుల మీద పెద్ద ట్రయల్ జరగలేదు. కొత్త రక్తనాళాలను పుట్టించే గుణం గాయానికి మేలు చేయొచ్చు, ఒంట్లో ఎక్కడైనా క్యాన్సర్ గడ్డ దాగి ఉంటే దానికీ మేత కావచ్చన్న అనుమానం తీరలేదు. 2022 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలోనూ ఉంది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న కుర్రాడికి ఈ సంగతి ఎవరు చెప్పారు?

నాకు అంతకన్నా టెన్షన్ ఆ పొడి గురించే. అందులో నిజంగా ఏముందో, సూక్ష్మజీవుల మలినాలు ఎంత ఉన్నాయో ఎవరూ పరీక్షించలేదు. అది నేరుగా చర్మం కిందకి వెళ్తోంది. రేపు భుజాలు పట్టేసిన కొబ్బరి దింపు కార్మికుల దాకా పాకుతుంది. చెట్టెక్కకపోతే పూట గడవని మనిషికి ‘వారంలో తగ్గుతుంది’ అన్న మాట చాలు. ఏరియా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ రోజూ, ఉచితంగా అందితే ఈ సీసాలకు సగం గిరాకీ పోతుందని నా నమ్మకం.

పరిశోధన ఆపమనడం లేదు. ఎథిక్స్ కమిటీ అనుమతితో, 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలాంటి చోట ట్రయల్ జరిగితే సంతోషమే. అక్కడ హాని జరిగితే పరిహారం ఉంటుంది, అడగడానికి ఒక మనిషీ ఉంటాడు.

ఈలోగా డ్రగ్ ఇన్‌స్పెక్టర్లను జిమ్ములకు పంపి శాంపిల్స్ తీయించండి. గాయం మానడానికని అమ్ముతున్నప్పుడు, లేబుల్ మీద ఏం రాసినా 1940 నాటి ఔషధ చట్టం కింద దాన్ని మందుగానే చూడాలి. ల్యాబ్ ఫలితం వచ్చాక తెలుగులో అర పేజీ రాయించి మాకు పంపండి. షాపుల్లో, జిమ్ముల్లో అంటించే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక ఫార్మసిస్టు