ఆ మాత్రల సంచి విప్పి చూసిన అమ్మాయికి

నాన్నకి మూత్రాశయ క్యాన్సర్. దానికి ట్యూబుతో మూత్రాశయంలోకి ఎక్కించే బీసీజీ మందు, ఈ రోజుతో ఆరో డోసు కూడా అయిపోయింది. పావుగంటకోసారి వెల్లకిలా, కుడికి, ఎడమకి, బోర్లా తిరుగుతూ రెండు గంటలు మూత్రం ఆపుకున్నారు. ఇప్పుడు నిద్రపోతున్నారు. నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి. కానీ రేపటికి వాయిదా వేస్తే మాటలు సర్దుకుని రాస్తాను. అలా రాయాలని లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

అమ్మ, అన్నయ్య, వదిన, మా ఆయన... మీకు వేరే చెప్పక్కర్లేదు. మీకు తెలుసు.

నేను చెప్పాల్సింది ఒక అమ్మాయి గురించి. నాకంటే పదేళ్ళయినా చిన్నది. ఆసుపత్రిలో ఫార్మసిస్టు. పేరు రాస్తే ఆమెకి అక్కడ ఇబ్బంది కావచ్చు, అందుకే రాయడం లేదు. చదివితే ఆమెకే తెలుస్తుంది.

నాన్నకి గుండెకి స్టెంట్ వేసి ఆరేళ్ళు. అప్పట్నుంచి రోజూ రాత్రి కొలెస్ట్రాల్ మాత్ర, స్టాటిన్ రకానికి చెందిన అటోర్వాస్టాటిన్, నేనే ఆయన చేతిలో పెడతాను. మూత్రాశయంలో క్యాన్సర్ గడ్డ ఉందని తేలిన రాత్రి నిద్ర పట్టక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. కొలెస్ట్రాల్ మాత్రలు వాడేవాళ్ళలో మూత్రాశయ క్యాన్సర్ వచ్చినట్టు రిపోర్టులున్నాయని కనిపించింది. మాత్ర పేరు, పక్కనే క్యాన్సర్ పేరు, కింద ఒక అంకె. ఆ అంకె చూశాక నాకు ఇంకేమీ కనిపించలేదు. ఆరేళ్ళంటే రెండు వేల రాత్రుల పైనే. అన్ని రాత్రులూ నా చేత్తో నేనే పెట్టాను కదా అనుకున్నాను.

ఎవరికీ చెప్పకుండా ఆ స్ట్రిప్పులన్నీ తీసి బీరువాలో బట్టల కింద దాచేశాను. నాన్న అడిగితే డాక్టర్ ఆపమన్నారని అబద్ధం చెప్పాను. పదకొండు రోజులు.

గడ్డ గీకి తీసే ఆపరేషన్‌కి చేర్చిన రోజు ఆ అమ్మాయి నాన్న వాడే మందులు రాసుకోవడానికి వచ్చింది. లిస్టు ఇవ్వబోతే "లిస్టు కాదు మేడమ్, మాత్రలే చూపించండి" అంది. సంచి మంచం మీద బోర్లించింది. స్ట్రిప్పులన్నీ వరసగా పేర్చి, ఒక్కోటీ వెనక్కి తిప్పి, వెలుతురుకి పట్టి ఆ చీమ తలకాయంత అక్షరాలు చదివింది. "స్టెంట్ అంటున్నారు, స్టాటిన్ లేదేంటి?" అని అడిగింది. నేను నాన్న వైపు చూసి నోరు మెదపలేదు. అర్థమైపోయినట్టుంది, "ఒకసారి బయటికి వస్తారా" అంది.

కారిడార్ చివర కుర్చీలో కూర్చుని మొత్తం చెప్పేశాను. మధ్యలో ఆమె ఒక్కసారి కూడా గడియారం చూసుకోలేదు. అంతా విని, మేడమ్ అనడం మానేసింది.

"అక్కా, ఆ రిపోర్టులు నింపేది మా లాంటివాళ్ళమే. ఫారంలో ఏముంటుందో చెప్పనా? ఈయన ఈ మందు వాడుతున్నారు, ఈయనకి ఈ జబ్బు వచ్చింది. అంతే. దానివల్లే వచ్చిందని ఎవరూ తేల్చి రాయరు. అనుమానం ఉంటే చాలు, రాయమంటారు." గర్భిణులు వేసుకున్న థాలిడొమైడ్ అనే మందు వల్ల అంతమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టాక, 1968లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేర్వేరు దేశాల రిపోర్టులు ఒకచోట చేర్చడం మొదలుపెట్టిందట. ఎక్కడైనా ప్రమాదం ఉంటే తొందరగా పసిగట్టడానికి. "కొలెస్ట్రాల్ మాత్ర కోట్ల మంది వేసుకుంటారు. అందులో వయసు మళ్ళినవాళ్ళు, సిగరెట్ వల్ల గుండె పాడైనవాళ్ళు ఎంతమంది! మూత్రాశయ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేదీ వాళ్ళకే. ఆ రెండూ ఒకే మనిషిలో కనిపించకుండా ఎలా ఉంటాయి?"

అప్పుడడిగింది, నాన్న సిగరెట్ కాల్చేవారా అని. కాల్చేవారు. ముప్పై ఏళ్ళు. మానేసి పన్నెండేళ్ళయింది కాబట్టి మేము లెక్కలోంచి తీసేశాం. పొగలోని విషాలు రక్తంలోంచి కిడ్నీల ద్వారా మూత్రంలోకి దిగి, మూత్రాశయం గోడకి ఆనుకుని గంటలు గంటలు ఉంటాయట. ఈ క్యాన్సర్లలో దాదాపు సగం పొగాకు వల్లే. మానేస్తే ముప్పు తగ్గుతుంది కానీ ఇరవై ఏళ్ళు దాటినా పూర్తిగా పోదు.

అయినా నాకు నమ్మకం కుదరలేదు. మర్నాడు డ్యూటీ అయ్యాక ప్రింట్లు తీసుకుని వచ్చింది. స్టాటిన్ల మీద జరిగిన 27 ట్రయల్స్‌ని కలిపి, లక్షా డెబ్బై ఐదు వేల మందిని లెక్కగట్టి 2012లో వేసింది ఒకటి. క్యాన్సర్‌లో తేడా లేదు. 20,536 మందిని పదకొండేళ్ళు గమనించింది ఇంకొకటి. అందులోనూ లేదు. బీసీజీ పనిచేయకుండా స్టాటిన్ అడ్డుపడుతుందేమోనని 2006లో ఒక వైద్య పత్రికలో ఉత్తరం అచ్చయిందట, తర్వాతి పరిశీలనల్లో అది నిలబడలేదట. నేను అడగకుండానే అదీ తెచ్చింది, ఎప్పుడో ఒకరోజు నా కంటపడి మళ్ళీ భయపడతానని.

ఇవన్నీ కాదు నన్ను ఏడిపించింది. మొదటి రోజు కారిడార్లో, నేను "నా చేత్తోనే పెట్టాను" అంటుంటే, ఆమె నా చెయ్యి పట్టుకుని "ఈ చేత్తో పెట్టారు కాబట్టే అక్కా, ఆరేళ్ళ తర్వాత కూడా ఆయన తన కాళ్ళ మీద నడిచి వచ్చి ఆ మంచం ఎక్కారు" అంది. నాన్నకి జబ్బని తెలిసినప్పట్నుంచి నేను ఏడవలేదు. అక్కడ కూర్చుని ఏడ్చాను.

అసలు సంగతి ఇంకా ఉంది. షుగర్ మాత్ర ఒక్కటే అనుకున్నాం, కానీ ఆ ఒక్కదాంట్లో మూడు మందులున్నాయి. మూడో పేరు పయోగ్లిటజోన్. ఏడాదికి మించి వాడితే మూత్రాశయ క్యాన్సర్ ముప్పు పెరగొచ్చని 2011లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది, ఫ్రాన్స్ ఆ ఏడాదే వాడకం ఆపేసింది. నాన్న ఐదేళ్ళుగా వాడుతున్నారు. "ఇదే కారణమని నేను చెప్పలేనక్కా, అధ్యయనాలన్నీ ఒక మాట మీద లేవు, సిగరెట్ కూడా ఉంది. కానీ మూత్రాశయ క్యాన్సర్ ఉండగా ఇది వాడకూడదు" అంది. షుగర్ డాక్టరుకి అప్పటికప్పుడు తనే ఫోన్ చేసింది. మర్నాటికి మాత్ర మారింది. నాన్న పేరున రిపోర్టు ఫారం కూడా నింపింది, ప్రతి గడి నాకు చదివి వినిపిస్తూ. నన్ను పదకొండు రోజులు చంపిన కాగితం అలాంటిదే.

నేను భయపడిన మాత్ర వేరు, భయపడాల్సిన మాత్ర వేరు. ఈ మాట ఐదేళ్ళలో ఒక్కరైనా చెప్పకూడదా? గుండె డాక్టర్ గుండె చూశారు, షుగర్ డాక్టర్ షుగర్ చూశారు. ఒకరు రాసింది ఒకరు చూడలేదు. నాన్నకి మూత్రంలో మొదటిసారి రక్తం పడింది నాలుగు నెలల కిందట. నొప్పి లేదు. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు. రక్తం దానంతటదే ఆగింది, మందు పనిచేసిందన్నారు. మళ్ళీ పడింది. కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. అది చేతిలో పెట్టుకునే మళ్ళీ యాంటీబయాటిక్ రాశారు! మూడోసారి పడ్డాక, మేము గొడవ చేస్తే, మూత్రాశయంలోకి కెమెరా పెట్టి చూసే స్కోప్‌కి మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. గడ్డ కండరం దాకా వెళ్ళలేదు, అది మా అదృష్టం. ఎవరి శ్రద్ధా కాదు. మీ ఇంట్లో ఎవరికైనా నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, ఒక్కసారి పడి ఆగినా సరే, యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి. గుండె మాత్ర మాత్రం నాలా దాచేయకండి. స్టెంట్ ఉన్న మనిషికి అది ఆపడం ఎంత ప్రమాదమో నాన్న గుండె డాక్టర్ చెప్పాక నాకు కాళ్ళు వణికాయి.

ఆ అమ్మాయి ప్రతి స్ట్రిప్ వెనకా నల్ల మార్కర్‌తో పెద్ద అక్షరాలు రాసిచ్చింది. గుండె. షుగర్. బీపీ. నాన్న ఇప్పుడు కళ్ళజోడు లేకుండానే తన మాత్ర తనే తీసుకుంటున్నారు. స్ట్రిప్ అయిపోతే కొత్తదాని మీద అలాగే రాయమని నాకిస్తున్నారు. నా అక్షరాలు అంత గుండ్రంగా రావు.

తల్లీ, నీకు ఇది డ్యూటీ కాదు. నాకు తెలుసు.

అయ్యో, బీసీజీ ఎక్కించిన సిస్టర్ గారిని మరిచిపోయాను. ఆరుసార్లూ ఒక్కరే, నాన్న సిగ్గుపడకుండా మాటల్లో పెట్టి ట్యూబు వేసేవారు. స్ట్రెచర్ తోసిన అబ్బాయి, లిఫ్ట్ పాడైన రోజు ర్యాంపు మీదుగా ఒక్కడే తెచ్చాడు. ల్యాబ్‌లో శాంపిల్ మీద పేరు తప్పు పడిందని చూసుకుని ఫోన్ చేసినాయన. పక్క మంచం పెద్దాయన, ఇది ఆయనకి మూడోసారట, నాన్నకి ధైర్యం చెప్పారు. డోసు అయిన రోజు ఆరు గంటలపాటు బాత్రూంలో ప్రతిసారీ బ్లీచ్ పోసింది మా పెద్దోడు, వాడి పేరు పైన రాయలేదని అలుగుతాడు. ఇంకా ఎవరో ఉన్నారు, గుర్తుకు రావడం లేదు, పొద్దున లేచి కలుపుతాను. ఆరు వారాల తర్వాత మళ్ళీ స్కోప్.