పైకప్పు పనికి ఒక్క ముక్క అంచనా చాలదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇంటి పైకప్పు వేయించుకునేవారికీ, వేసే కాంట్రాక్టర్లకూ మధ్య నడిచే అంచనా కాగితం గురించి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేయదలచాను. గోడ వంకరపోతే కంటికి కనిపిస్తుంది, తలుపు బిగుసుకుంటే చేతికి తెలుస్తుంది. పైకప్పులో లోపం మాత్రం పని పూర్తయి, సొమ్ము చేతులు మారి, గట్టి వాన ఒకటి పడితేగానీ బయటపడదు. అంతటి పనికి చాలామంది ఇంటి యజమానుల దగ్గర ఉండే ఆధారమల్లా ‘రేకుల కప్పు, సామాను, కూలీతో కలిపి’ అన్న ఒక్క ముక్కా, దాని పక్కన మొత్తం సొమ్మూ. ఏ మందం రేకు, ఏ పూత, ఎంత వాటం, ఏ స్క్రూలు, ఇల్లు కురిస్తే బాధ్యత ఎవరిది అన్నవేవీ అందులో ఉండవు. ఈ వివరాలన్నీ రాసి, సంతకం చేసి ఇవ్వడాన్ని స్థానిక సంస్థలు తప్పనిసరి చేయాలి.

మా మేడ మీద రేకులు వేయించినప్పుడు నా చేతిలోనూ అలాంటి కాగితమే ఉంది. రేకు మందం 0.50 మిల్లీమీటర్లని కాంట్రాక్టరు నోటిమాటగా చెప్పారు. పని అయ్యాక మిగిలిన ముక్కను లేత్ పని చేసే మిత్రుడి దగ్గర మైక్రోమీటరు అనే మందం కొలిచే పరికరంలో పెట్టి చూస్తే, రంగుతో సహా 0.40 చూపింది. వెంట్రుకవాసి తేడాయే కదా అనిపించవచ్చు. కానీ ఒక మిల్లీమీటరు మందం ఉన్న ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన మడతలు వేయకముందు 0.50 రేకు నాలుగు కిలోలకు కాస్త తక్కువగా, 0.40 రేకు మూడు కిలోలకు కాస్త ఎక్కువగా ఉంటుంది. అంటే నేను డబ్బు కట్టిన లోహంలో ఐదో వంతు నా ఇంటికి రానే లేదు. నిలదీద్దామంటే కాగితం మీద అంకె లేదు.

అంకె ఒక్కటి రాసినా సరిపోదు. రంగు, దాని కింది లోహపు పూత కలిసి రేకు మందాన్ని కొంత పెంచి చూపిస్తాయి కనుక, చెప్పిన మందం పూతతో కలిపా, పూత తీసేసిన ఉత్త ఉక్కుదా అన్నది స్పష్టంగా ఉండాలి. తుప్పును ఆపేది ముఖ్యంగా ఆ లోహపు పూతే. అది వట్టి జింకా, అల్యూమినియం-జింకు మిశ్రమమా, చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి ఎన్ని గ్రాములు అన్నది తయారీదారు పత్రంలో ఉంటుంది. ఆ పత్రం నకలు అడిగితే ఇబ్బందిపడే కాంట్రాక్టరును నమ్మకపోవడమే మేలని ఇప్పుడు నా అభిప్రాయం.

ఇంత చెప్పినా, మా ఇల్లు కురిసింది రేకు పలచనై కాదు, బిగింపు సరిగా లేక. వాన వెలిశాక ఎక్కి చూస్తే, కొన్ని స్క్రూల కింది రబ్బరు వాషరు నలిగి, పువ్వులా విచ్చుకుని పక్కకు పొడుచుకొచ్చింది. మిషనుతో అతిగా బిగించడం వల్ల జరిగేది అదే. మరికొన్ని స్క్రూలు వంకరగా దిగడంతో వాషరు ఒక వైపే ఆనింది. చూరు దగ్గర రేకులను గ్రైండరుతో కోసినచోట నిప్పురవ్వలు రంగులో అతుక్కుని, ప్రతి రవ్వా ఒక తుప్పు చుక్కయింది. కత్తెరతో కోసి, రంధ్రాలు వేసినప్పుడు రాలిన ఇనుప పొట్టును ఆ సాయంత్రమే ఊడ్చి ఉంటే ఈ మచ్చలు పడేవి కావు. గాలి లాగుడు అంచుల దగ్గర, మూలల్లో, కొప్పు వెంబడి ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గరదగ్గరగా పడాలి. అన్నిచోట్లా ఒకే ఎడం ఉంచడం పనివాడికి సుఖమే, కప్పుకు కాదు.

పెంకులైనా, స్లాబయినా సంగతి ఇదే. పెంకులకు రేకులకన్నా ఎక్కువ వాటం కావాలి, వాటి బరువు ఎన్నో రెట్లు. కింది వాసాలు, గోడలు ఆ బరువు మోస్తాయో లేదో ఎవరు చూశారన్నది రాతలో ఉండాలి. స్లాబు మీద నీరు దిగకుండా వేసే పూతను నెమ్ము ఆరకముందే వేస్తే, లోపలి తడి ఆవిరై దాన్ని బుడగలుగా లేపేస్తుంది. పూత ఆరాక స్లాబు మీద ఒక రోజు నీరు నిలగట్టి, కింద చెమ్మ దిగిందా లేదా చూడటం ఖర్చు లేని పరీక్ష. దాన్ని కూడా ఒప్పందంలో చేర్చాలి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది పాత సిమెంటు రేకులు దించే తీరు. అలాంటి రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ అనే పీచు ఖనిజం కలిసి ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది. 50కి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి, యూరోపియన్ యూనియన్‌లో 2005 నుంచి నిషేధం ఉంది. దాని సన్నని పోగులు ఊపిరితో లోపలికి పోతే, జబ్బు పదుల ఏళ్ల తర్వాత బయటపడవచ్చు. అలాంటి రేకులను పొడిగా ఉండగానే సుత్తితో పగలగొట్టి, ముక్కలను పైనుంచి విసిరి, ఆ దుమ్మును చీపురుతో ఊడ్పించడం కూలీలకూ, పక్కింటి పిల్లలకూ కూడా అన్యాయం. తడిపి, పగలకుండా దించి, మూట కట్టి, అనుమతి ఉన్న చోటే పారవేసే ఖర్చును అంచనాలో విడిగా చూపాలి. కొత్తగా వేసే సిమెంటు రేకులో ఆస్బెస్టాస్ లేదని కూడా రాసి ఇవ్వాలి, ఎందుకంటే చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పాత రేకు మనిషి బరువుకు ఉన్నట్టుండి విరుగుతుంది కాబట్టి, దాని మీద నేరుగా నడవకుండా పలకలు పరచడం, పడిపోకుండా ఒంటికి భద్రతా పట్టీలు (హార్నెస్) కట్టుకోవడం కూడా ఆ కాగితంలోనే ఉండాలి.

ఇదంతా కాంట్రాక్టర్ల మీద ఫిర్యాదుగా భావించవద్దని మనవి. నిజంగా 0.50 రేకు వేసే మనిషి చెప్పిన ధర, 0.40 రేకును అదే పేరుతో వేసేవారి ధర పక్కన ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది, ఆ పని ఆయనకు దక్కదు. వివరాలు రాసి ఉన్నప్పుడే ఇద్దరి ధరలను న్యాయంగా పోల్చగలం. అందుకని స్థానిక సంస్థలు ఒక పేజీ నమూనా పత్రం తయారుచేసి, ఇంటి అనుమతి దరఖాస్తుతో పాటే ఇవ్వాలి. చివరి వాయిదా సొమ్ము నీటి పరీక్ష గానీ, మొదటి గట్టి వాన గానీ అయ్యాకే చెల్లించాలన్న షరతును అందులో ముందే అచ్చువేయాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు