జీను కుట్టి చూసిన బొమ్మలాయన

అందరికీ నమస్తే. నేను గీసిన రోమన్ రౌతు బొమ్మలో రికాబులు, అంటే జీనుకు వేలాడే పాదాల ఆనికలు, మర్చిపోయారా అని నిన్న గ్రూప్‌లో అడిగారు కదా. మర్చిపోలేదండి, ఆ కాలానికి రోమన్ల దగ్గర రికాబులే లేవు.

మరి కాళ్ళకు ఆనిక లేకుండా గుర్రం మీద యుద్ధం ఎలా? ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకున్నవాడు బ్రిటిష్ చిత్రకారుడు పీటర్ కొనోలీ (1935–2012). గ్రీకు, రోమన్ సైన్యాలంటే ఆయనకు జీవితాంతం పిచ్చే. స్కాట్లండ్‌లోని న్యూస్టెడ్ తవ్వకాల్లో దొరికిన కంచు రేకులు, నెదర్లాండ్స్‌లోని వాల్కెన్‌బర్గ్‌లో దొరికిన జీను తోలు దగ్గర పెట్టుకుని, ఆ జీనును మళ్ళీ తయారు చేశాడు. నాలుగు మూలలా కొమ్ముల్లా పైకి పొడుచుకొచ్చిన నాలుగు భాగాలు: ముందు రెండూ తొడల మీదికి వంగి ఉంటాయి, వెనక రెండూ నడుము జారకుండా ఆపుతాయి. గుర్రం మీద వేసి చూస్తే రౌతు రికాబుల్లేకుండానే గట్టిగా కూర్చోగలిగాడు. పండితులూ ఆయన మాట విన్నారు, లండన్ యూనివర్సిటీ కాలేజీ పురావస్తు విభాగంలో గౌరవ పరిశోధకుడయ్యాడు.

నేనైతే ఇన్నాళ్ళూ జీను దగ్గరికొచ్చేసరికి పైన ఓ దుప్పటి గీసి తప్పించుకునేదాన్ని! ఈ వారం బొమ్మ పెట్టేవాళ్ళు ఆ కొమ్ములు వేసి చూపించండి.